ల్యాండింగ్‌ను కాపాడుకోబోయి: ఒక ట్రైనింగ్ విమానం కేసు

చిన్న ట్రైనింగ్ విమానం ప్రమాదం అనగానే బయటివాళ్ళకు ముందు గుర్తొచ్చేది గాల్లో ఇంజిన్ ఆగిపోవడం. ఫ్లయింగ్ స్కూల్లో పనిచేసేవాళ్ళ లిస్టు వేరుగా ఉంటుంది. రన్‌వే మీద ఎగిరిపడి ముందు చక్రం విరగ్గొట్టుకోవడం, బేస్ (రన్‌వేకి అడ్డంగా ఎగిరే దశ) నుంచి ఫైనల్‌కి (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి దశ) తిరుగుతూ స్టాల్ కావడం (రెక్కలు విమానాన్ని మోయలేకపోవడం), ట్యాంకులో ఇంధనం కళ్ళారా చూడకుండా బయల్దేరడం, కార్బ్యురేటర్‌లో మంచు పట్టడం, చూపు ఆనని వాతావరణంలోకి వెళ్ళిపోవడం. వీటిలో మేం తరచూ చూసేది మొదటిది. అందులో విమానం దెబ్బతింటుంది, మనిషి సాధారణంగా నడిచి బయటికొస్తాడు. రెండోది తక్కువసార్లు జరుగుతుంది కానీ ప్రాణాలు తీస్తుంది. ఈ రెండింటి వెనకా ఒకే అలవాటు ఉండొచ్చని నాకు స్పష్టంగా చూపించిన కేసు ఇది. ఇన్‌స్ట్రక్టర్లకూ విద్యార్థులకూ పనికొస్తుందని పూర్తిగా రాస్తున్నాను. మనిషిని, స్కూల్‌ని, ఫీల్డ్‌ని (రన్‌వే ఉన్న చోటు) గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

నేపథ్యం

విద్యార్థిని వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చిన అమ్మాయి. కమర్షియల్ పైలట్ లైసెన్స్ కోసం చేరింది. చదువులో చురుకు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టే పేపర్లలో నావిగేషన్, మెటియరాలజీ, ఎయిర్ రెగ్యులేషన్స్ మూడూ మొదటిసారే పాసైంది. ఫీజు కొంత బ్యాంకు లోను, కొంత పొలం తాకట్టు. ఈ వివరం ఎందుకు చెబుతున్నానంటే కేసులో దీనికి పాత్ర ఉంది, అది తర్వాత తెలిసింది.

విమానం సెస్నా 172ఎస్, జీ1000 అనే డిజిటల్ స్క్రీన్ల ప్యానెల్ ఉన్నది. ఫీల్డ్ దక్కన్ పీఠభూమి మీద, సముద్ర మట్టానికి సుమారు 2000 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటితే అక్కడ డెన్సిటీ ఆల్టిట్యూడ్ (గాలి పలచదనాన్ని ఎత్తుగా చెప్పే లెక్క) 5500 అడుగులకు చేరుతుంది. రన్‌వే నేల మీదే ఉన్నా, విమానం మాత్రం కొండ మీది పలచని గాలిలో ఉన్నట్టే ప్రవర్తిస్తుంది.

ఆమె మొదటి సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) అప్పటికే అయిపోయింది. సోలో సర్క్యూట్లు (ఎగిరి, ఫీల్డ్ చుట్టూ తిరిగి మళ్ళీ దిగడం) చేస్తోంది. ప్రోగ్రెస్ షీట్‌లో ల్యాండింగ్ గడి దగ్గర "ఫ్లేర్ సరిగా లేదు", "ఫ్లాట్ ల్యాండింగ్" అన్న మాటలు వేర్వేరు చేతిరాతల్లో పదే పదే కనిపిస్తాయి. ఫ్లేర్ అంటే తాకే ముందు ముక్కు పైకెత్తి దిగుడు ఆపడం, ఫ్లాట్ అంటే ముక్కు సరిపడా ఎత్తకుండా దిగడం. అయినా సోలోకి వదిలేంత బాగానే దిగుతోందని రాసి ఉంది.

జరిగింది

ఏప్రిల్‌లో ఒక రోజు, ఉదయం బాగా పొద్దెక్కాక, సోలో సర్క్యూట్లు. గాలి దాదాపు రన్‌వేకి ఎదురుగా, 8 నాట్లు (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు), విసురు వచ్చినప్పుడు 14. నేల వేడెక్కి ఫైనల్ మీద కుదుపులు మొదలయ్యాయి. మొదటి రెండు ల్యాండింగ్‌లు పొడుగ్గా పోయినా దిగాయి. మూడోసారి విమానం రన్‌వే మీద చాలాసేపు తేలింది, ముందు చక్రం ముందుగా తాకింది, ఎగిరింది. ఆమె యోక్ (ముక్కును లేపే, దించే చేతి కంట్రోల్) ముందుకు నెట్టింది. రెండోసారి ఇంకా గట్టిగా ముందు చక్రం మీదే పడింది, ఇంకా ఎత్తుకు లేచింది. మూడో తాకిడికి నోస్ స్ట్రట్ (ముందు చక్రం కాలు) దెబ్బతింది, ప్రొపెల్లర్ కొసలు రన్‌వేని రాసుకున్నాయి, ఇంజిన్ వెనక ఉండే ఫైర్‌వాల్ రేకు ముడతపడింది.

విమానం రన్‌వే మీదే ఆగింది. ఆమె మిక్చర్ లాగి ఇంజిన్ ఆపింది, ఇంధనం కట్టేసింది, కరెంటు మాస్టర్ స్విచ్ ఆఫ్ చేసి దిగింది. ఒంటి మీద గీత పడలేదు. విమానానికి మాత్రం రిపేరు పెద్దదే, ఎందుకంటే ప్రొపెల్లర్ నేలకు తగిలితే ఇంజిన్‌ని కూడా విప్పి చూడాల్సిందే.

రిపోర్టులు వెళ్ళాల్సిన చోట్లకు వెళ్ళాయి. అంతర్జాతీయ నిబంధన అయిన అనెక్స్ 13 ప్రకారం ప్రమాద దర్యాప్తు ఉద్దేశం మళ్ళీ జరగకుండా చూడడమే, నింద ఎవరిదో తేల్చడం కాదు. ఆ మాట కాగితం మీద అందరికీ తెలుసు. కానీ హాస్టల్లోనూ, క్రూ రూమ్‌లోనూ ఆ అమ్మాయి ముందు నింద అప్పటికే మొదలైపోయింది. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ ఆమె ఫ్లయింగ్ ఆపి, ట్రైనింగ్ కొనసాగించవచ్చో లేదో చూడమని నాకు అప్పగించారు. నేను అంతకుముందు ఆమెతో ఎప్పుడూ ఎగరలేదు. అందుకే నన్ను ఎంచుకున్నారు.

అంతకుముందు ఏం ప్రయత్నించారు

సోలోకి ముందూ తర్వాతా ఆమె ల్యాండింగ్ బాగుచేయడానికి ఇన్‌స్ట్రక్టర్లు శ్రద్ధగానే పనిచేశారు. చేసినవి నాలుగు రకాలు. ఒకటి, ఇంకా ఎక్కువ సర్క్యూట్లు. రెండు, ఫ్లేర్‌లో "హోల్డ్ ఆఫ్, హోల్డ్ ఆఫ్" (తాకనీయకుండా పట్టుకో) అని పక్క నుంచి చెబుతూ ఉండడం. మూడు, "దగ్గర చూడకు, రన్‌వే చివరికి చూడు" అనడం. నాలుగు, కుదుపుల్లో సేఫ్టీ కోసం కొంచెం స్పీడ్ ఎక్కువ ఉంచుకోమనడం.

విడివిడిగా చూస్తే ఇవన్నీ మనం అందరం చెప్పేవే. ఈ విద్యార్థిని విషయంలో ఎందుకు పనిచేయలేదో ఆలోచించాలి. సర్క్యూట్లు పెంచితే తప్పు అలవాటు కూడా అన్నిసార్లూ గట్టిపడుతుంది. పక్క నుంచి మాట వస్తున్నంతసేపు ఆమె ఆ మాటకు చెయ్యి కదిపింది తప్ప, కంటికి కనిపించేదానికి కదపలేదు. సోలోలో ఆ మాట ఉండదు. పైగా చాలామంది ఇన్‌స్ట్రక్టర్ల చెయ్యి చివరి క్షణంలో యోక్‌ని తెలియకుండానే ఒక వేలితో వెనక్కి పట్టి ఉంచుతుంది. విమానం మెత్తగా దిగుతుంది. విద్యార్థి తనే దించానని నమ్ముతాడు. "చివరికి చూడు" అన్న సలహా గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే అసలు చిక్కు అక్కడే ఉంది.

మొదటి నిర్ణయం: వెంటనే ఎగరకూడదు

"ఒక రౌండ్ తీసుకెళ్ళి చూడండి, తెలిసిపోతుంది" అన్నారు కొందరు. నేను ఒప్పుకోలేదు. ప్రమాదం జరిగిన కొత్తలో విద్యార్థి ఎగిరే తీరు మామూలు తీరు కాదు. భయంతో అతి జాగ్రత్తగా ఎగురుతారు, లేదా నిరూపించుకోవాలని ఎగురుతారు. రెండిట్లోనూ నేను చూడాల్సిన అలవాటు దాక్కుంటుంది. ముందు ఆమె మాట వినాలి, తర్వాత డేటా చూడాలి. ఈ వరస కూడా ముఖ్యమే. డేటా ముందు పెట్టి అడిగితే, ఆమె గుర్తున్నది చెప్పడం మానేసి స్క్రీన్ మీద ఉన్నదానికి కారణాలు చెప్పడం మొదలుపెడుతుంది.

"మొదటిసారి ఎగిరినప్పుడు ఏమనుకున్నావమ్మా?" అని అడిగాను.

"కిందికి దించాలి అనుకున్నా సార్. అంతే."

"థ్రాటిల్?" అన్నాను. ఇంజిన్ పవర్ ఇచ్చే కంట్రోల్ అది.

కాసేపు ఆలోచించింది. "థ్రాటిల్ గుర్తే రాలేదు సార్."

ఇది నిజాయితీగా చెప్పిన సమాధానం. తర్వాత డేటా కూడా ఇదే చెప్పింది. జీ1000 ఎస్‌డీ కార్డులో సెకనుకొక లైను చొప్పున స్పీడ్, ఎత్తు, ఇంజిన్ ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోంది), జీ లోడ్ (విమానం మీద పడే తాకిడి బలం) లాంటివి రికార్డవుతాయి. సెకనుకొకసారే కాబట్టి తాకిడి ఎంత గట్టిగా తగిలిందన్న అసలు గరిష్ఠం అందులో దొరక్కపోవచ్చు. ఆ అంకెను పట్టుకుని వాదించకూడదు. కానీ ధోరణి బాగా కనిపిస్తుంది. మొదటి తాకిడి నుంచి మూడో తాకిడి దాకా ఏడెనిమిది సెకన్లు. ఆ ఏడెనిమిది సెకన్లూ ఆర్‌పీఎం గీత ఐడిల్ దగ్గర, అంటే పవర్ ఇవ్వనట్టే, చదునుగా ఉంది. గో అరౌండ్ (దిగడం మానేసి, పవర్ ఇచ్చి మళ్ళీ పైకి వెళ్ళడం) చేయాలా వద్దా అని తటపటాయించిన గుర్తు కూడా లేదు. ఆమె మనసులో ఆ దారే లేదు.

రెండో విషయం స్పీడ్. ఫుల్ ఫ్లాప్స్‌తో (రెక్క వెనక అంచున కిందికి దించే రేకులు) 172ఎస్ మామూలు అప్రోచ్‌కి (రన్‌వే వైపు దిగుతూ రావడం) మాన్యువల్ ఇచ్చేది 60 నుంచి 70 నాట్లు. స్కూల్లో 65 పెట్టుకున్నాం. ఆమె రన్‌వే అంచు దాటిన స్పీడ్ 76. ఆ రోజు ముందు రెండు ల్యాండింగ్‌లలోనూ 74కి తగ్గలేదు. 65కీ 76కీ తేడా 11 నాట్లే అనిపిస్తుంది. కానీ చలనశక్తి స్పీడ్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి విమానం దాదాపు 37 శాతం ఎక్కువ శక్తితో రన్‌వే మీదికి వచ్చింది. రెక్క పొడవంత ఎత్తులోకి, అంటే 36 అడుగుల లోపలికి వచ్చాక నేల దగ్గరితనంతో వచ్చే గ్రౌండ్ ఎఫెక్ట్ వల్ల డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గుతుంది. ఆ శక్తి తొందరగా పోదు. విమానం తేలుతూనే ఉంటుంది. రన్‌వే అయిపోతోందన్న కంగారు వస్తుంది. దాన్ని నేలకు తోసి పెట్టాలనిపిస్తుంది.

ఇంత స్పీడ్ ఎందుకు తెస్తున్నావని అడిగితే మూడు కారణాలు చెప్పింది. గాలి విసురుకి కొంత కలుపుకుంది. కుదుపుల్లో కిందికి జారినట్టు అనిపిస్తే పవర్ పెట్టింది. వేడిలో గాలి పలచన కాబట్టి స్టాల్ తొందరగా వస్తుందని ఇంకొంత కలుపుకుంది. ఈ మూడో కారణం చాలామంది విద్యార్థుల తలలో ఉంది, కాబట్టి కాస్త ఆగి చెబుతాను. డెన్సిటీ ఆల్టిట్యూడ్ పెరిగినా మీటర్ మీద కనిపించే స్టాల్ స్పీడ్ మారదు. ఎయిర్‌స్పీడ్ మీటర్ కూడా అదే పలచని గాలినే కొలుస్తుంది. మారేది నిజమైన స్పీడ్. 5500 అడుగుల డెన్సిటీ ఆల్టిట్యూడ్‌లో మీటర్ 65 చూపిస్తే విమానం గాల్లో సుమారు 70 నాట్లు పోతోంది. నేల వేగంగా పరుగెత్తినట్టు కనిపిస్తుంది, రన్‌వే ఎక్కువ కావాలి. అంటే వేడి రోజున స్పీడ్ కలుపుకునేవాళ్ళు అప్పటికే పొడుగైన ల్యాండింగ్‌ని ఇంకా పొడుగు చేసుకుంటారు. ఇక విసురు సంగతి. మామూలు లెక్క విసురులో సగం. 8 నుంచి 14 అంటే విసురు 6, సగం 3. ఆమెకి 68 సరిపోయేది.

మూడు భయాలు, ఒక్కోదానికి కొన్ని నాట్లు. ఎవరూ ఆమెను కూర్చోబెట్టి ఆ మొత్తాన్ని కూడి చూపించలేదు.

స్పీడ్ సరిచేశాం, సగమే తగ్గింది

ముందు దేన్ని పట్టుకోవాలన్నది తర్వాతి ప్రశ్న. బౌన్స్ అయ్యాక ఏం చేయాలో నేర్పాలా, అసలు బౌన్స్ ఎందుకవుతోందో చూడాలా? నేను స్పీడ్‌తో మొదలుపెట్టాను. అది కొలవగలిగేది, వాదనకు తావు లేనిది, విద్యార్థి తనంతట తను చూసుకోగలిగేది. ఉదయం చల్లగా, గాలి నిలకడగా ఉన్నప్పుడు ఎగిరాం. ఫైనల్ మీద పిచ్‌తో (ముక్కు లేపడం, దించడంతో) స్పీడ్, పవర్‌తో దిగుడు. 65 పట్టుకుని ట్రిమ్ చేయడం (చేత్తో గట్టిగా పట్టకపోయినా ఆ స్పీడ్ నిలిచేలా సర్దడం), ట్రిమ్ చేశాక యోక్‌ని రెండు వేళ్ళతో పట్టుకోవడం. రోజూ ఫ్లయింగ్ అయ్యాక కార్డు తీసి తనే చూసుకునేది.

స్పీడ్ తొందరగానే దారికొచ్చింది. తేలడం తగ్గింది. కానీ ముందు చక్రం ముందు తాకే గుణం పోలేదు. రౌండౌట్ (ఫ్లేర్ మొదలు) బాగానే చేసేది, ముక్కు పైకి వచ్చేది, చక్రాలు తాకబోయే క్షణంలో ముక్కు మళ్ళీ కొంచెం కిందికి పడేది. ఎక్కువ స్పీడ్ ప్రమాదాన్ని పెద్దది చేసింది. ఆ చివరి కదలికకు మాత్రం కారణం అది కాదు.

ఆ తర్వాత రన్‌వే మీద కొన్ని అడుగుల ఎత్తులో, కొంచెం పవర్‌తో, దిగకుండా పొడుగునా ఎగిరే అభ్యాసం పెట్టాను. ఫ్లేర్ మామూలుగా కొన్ని సెకన్లలో అయిపోతుంది, నేర్చుకోవడానికి టైమ్ చాలదు. ఇలా ఎగిరితే ఆ చూపు ఎక్కువసేపు దొరుకుతుంది. చాలామందికి పనిచేస్తుంది. ఆమె పక్కకు జరగకుండా మధ్య గీత మీద నిలబెట్టడం దీంతో బాగా నేర్చుకుంది. కానీ పవర్ తీయగానే అదే కథ, ముక్కు కిందికి.

అప్పుడు నేను రన్‌వేని చూడడం మానేసి ఆమెను చూశాను. చివరి క్షణంలో మెడ సాగుతోంది, గడ్డం పైకి లేస్తోంది. ఇంజిన్ కవర్ మీదుగా రన్‌వే కోసం వెతుకుతోంది.

సీటు

ఆమె పొడవు తక్కువ. 172ఎస్ ముందు సీట్లను ముందుకూ వెనక్కూ జరపడమే కాదు, సీటు ముందు మూల కింద ఉండే చిన్న క్రాంక్ తిప్పి ఎత్తు కూడా పెంచవచ్చు. ఆమె ప్రతిసారీ రడ్డర్ పెడల్స్ (ముక్కును పక్కలకు తిప్పే కాలి పెడల్స్) అందేలా సీటు ముందుకు జరుపుకునేది. ఎత్తు ముట్టుకునేది కాదు. ముందు ఎగిరినవాడు ఎక్కడ వదిలితే అక్కడే. క్రాంక్ ఉందని తెలుసు, కానీ దానికి ల్యాండింగ్‌తో సంబంధం ఉందని ఎవరూ చెప్పలేదు. చెక్‌లిస్టులో "సీటు: అడ్జస్ట్, లాక్" అని ఉంటుంది. ఎంత ఎత్తుకి అన్నది ఉండదు.

ఊహతో ఆగకుండా నేల మీద పరీక్షించాం. యాప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద విమానాన్ని రన్‌వే వైపు తిప్పి పెట్టి, ఆమెను ఎడమ సీట్లో కూర్చోబెట్టాను. ఇద్దరు టెక్నీషియన్లు టెయిల్‌కోన్ (తోక భాగం) మీద, స్టెబిలైజర్‌కి (తోక దగ్గరి అడ్డ రెక్క) ముందుండే బల్క్‌హెడ్ (లోపలి గట్టి చట్రం) దగ్గర నొక్కి ముక్కు పైకి లేపి పట్టారు. స్టెబిలైజర్ మీద నొక్కకూడదు, అది దెబ్బతింటుంది. వెనక చక్రాలు తాకేటప్పుడు ముక్కు ఎంత ఎత్తులో ఉండాలో అంత ఎత్తు.

"ఏం కనబడుతోంది?"

"ఆకాశం సార్. ప్యానెల్. రన్‌వే లేదు."

ఆ తర్వాత క్రాంక్ తిప్పి సీటు పైకి లేపాం. వీపు వెనక గట్టి కుషన్ పెట్టాం. మళ్ళీ ముక్కు లేపారు. ఈసారి ఎడమ పక్క, ఇంజిన్ కవర్ అంచుకూ కిటికీ స్తంభానికీ మధ్య, నేల కనిపించింది. తనే ముందు చెప్పింది, "ఇటు మూల నుంచి కనబడుతోంది సార్!" అని.

ఇన్నాళ్ళూ ఆ అమ్మాయి సరైన ల్యాండింగ్ భంగిమలోకి వచ్చిన ప్రతిసారీ ఆమెకు రన్‌వే మాయమయ్యేది. రన్‌వే కనబడాలంటే ముక్కు దించాలి. దించింది. "రన్‌వే చివరికి చూడు" అన్న సలహా విన్నకొద్దీ, ఆ చివర కనబడడం కోసం ఇంకా దించింది. ఇన్‌స్ట్రక్టర్ ఆరడుగుల మనిషైతే, అతనికి కనబడే రన్‌వే ఆమెకు కనబడదన్న ఆలోచన అతనికి రాదు. నిజానికి ఆ భంగిమలో ఎవరికైనా ఎదురుగా రన్‌వే సరిగా కనబడదు. ఎడమ మూల నుంచి పక్క అంచు చూస్తూ ఎత్తు తెలుసుకోవాలి. పొడవున్నవాళ్ళకు ఇది కొంత తెలియకుండానే వచ్చేస్తుంది.

సీటు ఎత్తుకి ఒక గుర్తు పెట్టుకున్నాం. కుదురుగా కూర్చుంటే ఇంజిన్ కవర్ పైఅంచు దిగంతానికి ఎంత కింద కనిపించాలో ఆమె స్వయంగా గుర్తుపట్టి, ప్రతి ఫ్లయిట్‌కీ స్టార్ట్‌కి ముందు చూసుకునేది. పెడల్స్ పూర్తిగా నొక్కగలుగుతోందో లేదో కూడా మళ్ళీ సరిచూశాం, ఎందుకంటే సీటు పైకి లేస్తే కాళ్ళు దూరమవుతాయి. వెనక చక్రాల మీద ల్యాండింగ్‌లు ఆ వారంలోనే రావడం మొదలైంది.

ఇక్కడితో ఆపి సోలోకి వదిలేయవచ్చు కదా అని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ అడిగారు. ల్యాండింగ్‌లు బాగున్నాయి, కారణం దొరికింది. నేను వద్దన్నాను. ఆర్‌పీఎం గీత నా తలలోంచి పోలేదు. ఎంత బాగా నేర్పినా ఏదో ఒక రోజు ఆమె మళ్ళీ బౌన్స్ అవుతుంది, అందరం అవుతాం. ఆ రోజు థ్రాటిల్ గుర్తు రాకపోతే మళ్ళీ అదే జరుగుతుంది.

గో అరౌండ్ అంటే ఎందుకంత వెనకడుగు

ముందు చక్రం మొదట తాకితే విమానం బరువు కేంద్రం ఆ చక్రానికి వెనక ఉంటుంది కాబట్టి ముక్కు పైకి తన్నుకుంటుంది. రెక్కకు గాలి తగిలే కోణం పెరుగుతుంది, స్పీడ్ ఇంకా ఉంది, విమానం లేస్తుంది. పైలట్ యోక్ నెట్టేసరికి ముక్కు తనంతట తనే దిగడం మొదలై ఉంటుంది. అంటే మన నెట్టుడు ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం. దిగేదాన్ని ఇంకా దించుతాం, లేచేదాన్ని ఇంకా లేపుతాం. ప్రతి ఎగురూ ముందుదానికంటే పెద్దది. యోక్‌తో దీన్ని ఆపాలని చూసేకొద్దీ చెడుతుంది. ముక్కును కొంచెం పైకి నిలబెట్టి పట్టుకుని, ఫుల్ థ్రాటిల్ ఇచ్చి వెళ్ళిపోవడమే నమ్మదగిన దారి.

చిన్న బౌన్స్ అయితే కాస్త పవర్ ఇచ్చి మెత్తగా మళ్ళీ దించవచ్చని కొందరు తోటి ఇన్‌స్ట్రక్టర్లు అంటారు. అనుభవం ఉన్నవాళ్ళకు నిజమే. ఆమెకు నేను ఆ దారి నేర్పలేదు. చిన్న బౌన్స్ ఏది, పెద్దది ఏది అని సెకనులో తేల్చగలిగితే ఆమెకు అసలు ఈ కష్టమే లేదు. సోలో విద్యార్థికి ఒకే సమాధానం ఉండాలి.

కానీ ఆమె గో అరౌండ్‌కి ఎందుకు దూరంగా ఉంటోంది? ఒక రోజు ఫ్లయిట్ అయ్యాక టీ తాగుతూ మాట్లాడుకున్నప్పుడు బయటపడింది.

"గో అరౌండ్ చేస్తే ఆ సర్క్యూట్ పోయినట్టే కదా సార్. షీట్‌లో ల్యాండింగ్ పడదు. గంట మాత్రం పోతుంది. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఎన్ని గంటలు అయ్యాయి, ఎన్ని ల్యాండింగ్‌లు అయ్యాయి అని అడుగుతారు."

ఆ తండ్రిని తప్పుపట్టడానికి ఏమీ లేదు. పొలం తాకట్టు పెట్టిన మనిషి అడిగే న్యాయమైన ప్రశ్న అది. కానీ మా షీట్ కూడా అదే ప్రశ్న అడుగుతోంది. ల్యాండింగ్‌లకు గడి ఉంది. గో అరౌండ్‌కి లేదు. విద్యార్థి దేన్ని కాపాడుకోవాలో మేం కాగితం మీదే నేర్పుతున్నాం.

ఇంకో కారణం గాల్లో తెలిసింది. అప్రోచ్‌లో 65కి ట్రిమ్ చేసి ఉన్న విమానానికి ఒక్కసారిగా ఫుల్ పవర్ ఇస్తే ముక్కు బలంగా పైకి లేస్తుంది, ఎడమకు లాగుతుంది. యోక్ ముందుకు గట్టిగా పట్టాలి, కుడి రడ్డర్ వేయాలి. గతంలో ఒకసారి ఆమెకు ఇలా జరిగి భయపడిందట, ఇన్‌స్ట్రక్టర్ కంట్రోల్ తీసుకున్నారు. అప్పటి నుంచి గో అరౌండ్ ఆమె మనసులో ప్రమాదం కిందే ఉంది, దిగడమే సేఫ్ అనిపించింది. వేడి రోజున ఫుల్ ఫ్లాప్స్‌తో 172 ఎక్కడానికి ఎంత కష్టపడుతుందో కూడా ఒకసారి చూసింది. ఫ్లాప్స్ వెంటనే 20కి తేవాలని తెలుసు. కంగారులో మొత్తం లాగేస్తానేమోనని భయం.

కాబట్టి ఈసారి వరస తిప్పేశాను. కొన్ని ఫ్లయిట్లు ల్యాండింగ్ చేయకూడదన్న నియమంతోనే వెళ్ళాం. ముందు ప్రాక్టీస్ ఏరియాలో, పైన ఎత్తులో. ల్యాండింగ్ కాన్ఫిగరేషన్, 65, ట్రిమ్, ఆ తర్వాత ఫుల్ పవర్. ముక్కు ఎంత బలంగా లేస్తుందో చేతికి అలవాటయ్యేదాకా అదే. ఫ్లాప్ లివర్‌ని ఒక గడి మాత్రమే కదిపి చెయ్యి తీసేయడం. ఆ తర్వాత సర్క్యూట్‌లో 200 అడుగుల నుంచి, 50 అడుగుల నుంచి, ఫ్లేర్ నుంచి. చివరగా నేనే కావాలని చిన్న బౌన్స్ ఇచ్చి కంట్రోల్ ఆమెకు అప్పగించేవాణ్ణి. దీనికి ఇన్‌స్ట్రక్టర్ తన హద్దు ముందే తేల్చుకుని ఉండాలి, గాలి నిలకడగా ఉండాలి. ముందు చక్రం మీద ఎప్పుడూ ఇవ్వకూడదు.

ప్రోగ్రెస్ షీట్‌లో గో అరౌండ్‌లకు వేరే గడి పెట్టమని చీఫ్ ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగాను. వెంటనే ఒప్పుకున్నారు. చిన్న మార్పే, కానీ ఆమె ఆ షీట్‌ని పట్టుకునే తీరు మారింది.

అనుకోకుండా బయటపడ్డది

ఈ దశలోనే ఒక ఉదయం బేస్ మీద వెనక గాలి ఉంది. ఫైనల్ గీత దాటిపోయింది. ఆమె బ్యాంక్ (మలుపులో రెక్కల వాలు) పెంచడానికి భయపడి, లోపలి వైపు రడ్డర్ నొక్కి ముక్కును రన్‌వే వైపు తిప్పడం మొదలుపెట్టింది. విమానం పక్కకు జారుతోందని చూపే బాల్ బయటికి పోయింది. సుమారు 500 అడుగుల ఎత్తు. "ఐ హావ్ కంట్రోల్" అని తీసుకుని, రెక్కలు సమం చేసి, గో అరౌండ్ చేశాను.

ప్రాణాలు తీసే ప్రమాదం అని మొదట్లో చెప్పింది ఇదే. రడ్డర్‌తో ముక్కు తిప్పితే విమానం స్కిడ్ అవుతుంది (మలుపు బయటి వైపుకి జారుతుంది), బయటి రెక్క లేస్తుంది. పైలట్ దాన్ని ఆపడానికి ఎదురు ఐలరాన్ (రెక్కలను వాల్చే కంట్రోల్) ఇస్తాడు, ముక్కు దిగకుండా యోక్ లాగుతాడు. స్టాల్ వస్తే లోపలి రెక్క కింద పడి విమానం ఆ వైపుకే దొర్లుతుంది. 500 అడుగుల్లో తేరుకోవడానికి చోటు లేదు. ఎత్తు పోకుండా తిరుగుతుంటే బ్యాంక్‌తో స్టాల్ స్పీడ్ కూడా పెరుగుతుంది. 30 డిగ్రీలకు 7 శాతమే, 45కి 19, 60కి 41 శాతం.

తర్వాత ఎత్తులో, వెనక సీట్లు ఖాళీగా, యుటిలిటీ కేటగిరీ (ఇలాంటి అభ్యాసాలకు పెట్టిన తక్కువ బరువు హద్దు) బరువు లోపల, ఈ స్కిడ్ స్టాల్‌ని చూపించాను. రెక్క పడగానే తేర్చాను. పోయిన ఎత్తును ఆమె ఆల్టీమీటర్ మీద తనే చదివింది.

నాకు ముఖ్యమనిపించింది స్టాల్ కాదు. బేస్ మీద రన్‌వేని దాటిపోయినప్పుడు ఆమె చేసిందీ, బౌన్స్ తర్వాత చేసిందీ ఒకటే పని. చెడిపోయిన అప్రోచ్‌ని వదులుకోకుండా కాపాడుకోవడం. ఒకచోట యోక్ నెట్టింది, ఇంకోచోట రడ్డర్ నొక్కింది. మేం ల్యాండింగ్ లోపం అని ఒక గడిలో, టర్న్ లోపం అని ఇంకో గడిలో రాసుకుంటూ పోతే ఈ రెండూ ఒకటేనని ఎప్పటికీ కనబడదు. ఫైనల్‌ని దాటిపోతే 30 డిగ్రీల బ్యాంక్‌తో వచ్చినంత వస్తుంది, రాకపోతే గో అరౌండ్. బౌన్స్‌కి చెప్పిన సమాధానమే దీనికీ. ఆమె దీన్ని విన్న వెంటనే పట్టుకుంది.

మళ్ళీ సోలోకి ఎప్పుడు

మామూలుగా వరసగా కొన్ని మంచి ల్యాండింగ్‌లు చూసి వదులుతాం. ఈ కేసులో ఆ కొలత సరిపోదనుకున్నాను. మంచి ల్యాండింగ్‌లు ఆమె ప్రమాదానికి ముందు కూడా చేసింది, అందుకే కదా సోలోకి వదిలారు. నేను పెట్టుకున్న షరతు ఇది: నేను నోరు విప్పకుండా, నా ముఖం చూడకుండా, ఒక చెడ్డ అప్రోచ్‌ని ఆమె తనంతట తను వదిలేయాలి. అది ఒక్కసారి కాదు, వేర్వేరు కారణాలకు జరగాలి.

దానికోసం వాతావరణం కాస్త మారే వేళల్లో ఎగిరాం. ఒకసారి ఫైనల్ మీద ఎత్తు ఎక్కువైంది, వెళ్ళిపోయింది. ఇంకోసారి ఫ్లేర్‌లో విసురు లేపింది, వెళ్ళిపోయింది. ఒకసారి మాత్రం నా లెక్కలో దిగగలిగిన అప్రోచ్‌ని కూడా వదిలేసింది. నేను ఏమీ అనలేదు. ఆ నిర్ణయాన్ని అక్కడ ప్రశ్నిస్తే నేర్పినదంతా పోతుంది. నేల మీద కూడా "దిగగలిగేదానివి" అనలేదు. ఎందుకు వెళ్ళావని మాత్రం అడిగాను. కారణం స్పష్టంగా చెప్పింది, స్పీడ్ 72 ఉందని.

సోలోకి వదిలాం. కార్డులో స్పీడ్‌లు 64 నుంచి 67 మధ్య ఉన్నాయి. ఒక గో అరౌండ్ ఉంది.

స్కూల్లో మారినవి

సీటు ఎత్తు ఇప్పుడు మొదటి ఫ్లయిట్ బ్రీఫింగ్‌లోనే వస్తుంది. ముక్కు లేపి చూపించే నేల పరీక్షను పొడవు తక్కువ ఉన్నవాళ్ళకే కాదు, అందరికీ చేస్తున్నాం. మొదటి సోలోకి ముందు పూర్తి గో అరౌండ్ ఫ్లయిట్లు పెట్టాం. దీన్ని కొందరు ఇన్‌స్ట్రక్టర్లు వ్యతిరేకించారు. విద్యార్థుల గంటలు పెరుగుతాయన్నారు. పెరుగుతాయి, నిజమే. ఆ డబ్బు ఎవరి ఇంటి నుంచి వస్తుందో నాకు తెలుసు, అందుకే ఈ మాటను తేలిగ్గా తీసుకోలేదు. మొత్తం సర్క్యూట్ గంటల్లోనే వీటిని సర్దాం, అదనంగా చేర్చలేదు. ల్యాండింగ్‌ల లెక్క కొంచెం తగ్గింది.

ఎస్‌డీ కార్డు డేటాను విద్యార్థి ముందు చూసుకోవాలి, ఇన్‌స్ట్రక్టర్ తర్వాత చూడాలి అని నియమం పెట్టాలనుకున్నాం. ఇది సగమే అమలైంది. కార్డును పోలీసు సాక్ష్యంలా వాడే అలవాటు పూర్తిగా పోలేదు. అది పోకపోతే విద్యార్థులు గ్రాఫ్ బాగుండేలా ఎగరడం నేర్చుకుంటారు, విమానం బాగుండేలా కాదు.

క్రాస్‌విండ్ ఒకటి మిగిలింది. పక్క గాలిలో ఆమె తాకే క్షణంలో డ్రిఫ్ట్ (పక్కకు జరగడం) పూర్తిగా తీయదు. పొడవు తక్కువ కావడంతో సీటు పైకి లేపాక రడ్డర్ చివరిదాకా నొక్కడం ఆమెకు ఇంకా కష్టంగా ఉంది, కారణం అదేనని నా అనుమానం. పెడల్స్‌కి వాడదగిన ఆమోదిత ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయేమో ఇంజినీరింగ్ విభాగం చూస్తోంది. 172ఎస్ మాన్యువల్ 15 నాట్ల క్రాస్‌విండ్ దాకా చూపించినా, సోలోకి ఆమె పరిమితి 5 నాట్ల దగ్గర ఉంచాం. ఆ పరిమితిలోనే ఆమె ఇప్పుడు సోలో క్రాస్‌కంట్రీలు (వేరే ఫీల్డ్‌లకు వెళ్ళే ఫ్లయిట్లు) చేస్తోంది. చేరాల్సిన ఫీల్డ్‌లో గాలి అంతకు మించితే ఏ ఫీల్డ్‌కి మళ్ళాలో బయల్దేరే ముందే ప్లాన్‌లో రాసుకుని వెళ్తోంది.